మూడు వేల ఏళ్ళనాటి హాజరుపట్టీ

యూనివర్సిటీ ప్రాచీన చరిత్ర శాఖలో ఈజిప్టు లిపి చదవగలిగేది మాస్టారొక్కరే. అందువల్ల ఆయన తప్పు చదివినా దిద్దేవాళ్ళు లేరు, ఒప్పు చదివినా మెచ్చుకునేవాళ్ళు లేరు. వెనకాల అందరూ మమ్మీ మాస్టారు అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

పందొమ్మిదేళ్ళుగా ఆయన ఒకే ఒక్క సున్నపురాతి పలక మీద పనిచేస్తున్నారు. అసలు పలక ఎక్కడో దూరదేశపు మ్యూజియంలో ఉంది. ఆయన దగ్గరున్నవి ఫొటోలు. మూడు వేల ఏళ్ళ క్రితం రాజుల సమాధులు తొలిచిన పనివాళ్ళ హాజరుపట్టీ అది. ఎవడు ఏ రోజు పనికి రాలేదో, ఎందుకు రాలేదో అందులో ఉంది. ఒకణ్ణి తేలు కుట్టింది. ఒకడికి కళ్ళ జబ్బు. ఒకడు ఇంట్లో బీరు కాచుకుంటూ ఉండిపోయాడు. ఒకడు చనిపోయిన తల్లికి గుడ్డలు చుట్టడానికి ఆగిపోయాడు. వాళ్ళ గురించి మాస్టారు ఆరు వందల నలభై పేజీలు రాసి, ఆ కట్టను రెండు చేతులా మోసుకుంటూ పబ్లిషరు దగ్గరికి వెళ్ళారు.

"మాస్టారూ, ఇందులో శాపం ఏదైనా ఉందా?" అని అడిగాడు పబ్లిషరు.

"లేదండీ."

"నిధి?"

"లేదు."

"పోనీ, రాణిగారెవరైనా?"

"హాజరుపట్టీలో రాణి ఎందుకుంటుందండీ!"

"నేనూ అదే అంటున్నాను," అని పబ్లిషరు కట్టను పక్కకు జరిపాడు. "ముందు మోకాళ్ళ నొప్పుల మీద ఒకటి రాసివ్వండి. మీ రాయి సంగతి తర్వాత చూద్దాం."

"మోకాళ్ళ గురించి నాకేం తెలుసు?"

"మీకూ రెండున్నాయిగా! మా వంటల పుస్తకం రాసినాయన రెండు పూటలా హోటల్లోనే తింటాడు."

మాస్టారి భార్య ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. మోకాళ్ళతోనే ఆవిడకు పొద్దు గడుస్తుంది. అయినా మాస్టారు ఆవిడను ఒక్క మాట అడగలేదు. ఇంట్లోవాళ్ళను అడగడం పరిశోధన కిందికి రాదని ఆయన నమ్మకం. ఆయనకు తెలిసిన పద్ధతిలోనే, లైబ్రరీలో కూర్చుని, నూట పన్నెండు అధోజ్ఞాపికలతో మోకాళ్ళ పుస్తకం పూర్తిచేశారు. పేజీ అడుగున చిన్న అక్షరాలు చూసి జనం ఇదంతా నిజమే అనుకున్నారు. మూడు నెలల్లో నాలుగు ముద్రణలు. ఆ ఊపులో గోడల చెమ్మ మీద ఒకటి, పిల్లుల పెంపకం మీద ఒకటి, ఇంటర్వ్యూలో మాట్లాడే తీరు మీద ఒకటి రాయించాడు పబ్లిషరు. రాయి మీద రాసిన కట్ట మాత్రం అతని బీరువా మీదే ఉండిపోయింది.

ఒక సాయంత్రం భార్య ఆస్పత్రి నుంచి వస్తూనే బ్యాగు సోఫాలోకి విసిరింది.

"ఏమండీ, ఇవాళ ఒక పేషెంటు నాతో ఏమన్నాడో తెలుసా? 'మేడమ్, మీరు చేయించే కసరత్తు ముప్పై నాలుగో పేజీకి విరుద్ధంగా ఉంది' అన్నాడు!"

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏ ముద్రణట? రెండోదాంట్లో అది సవరించానే."

"మీ రాయి పుస్తకం వేయించుకుంటారా, లేక ఇలా ఊరందరి కాళ్ళూ విరగ్గొడుతూ కూర్చుంటారా?"

ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది. మర్నాడే వెళ్ళి పబ్లిషరు ఆఫీసులో భీష్మించుకుని కూర్చున్నారు. పబ్లిషరు మాట నిలబెట్టుకున్నాడు, తనకు చేతనైన తీరులో. ఆరు వందల నలభై పేజీలు నూట ఎనభై అయ్యాయి. అట్ట మీద పేరు 'సెలవు అడగడం ఎలా?' అని పడింది. అది చూసి మాస్టారు తన ప్రతికి పాత న్యూస్‌పేపరుతో అట్ట వేసుకున్నారు. పుస్తకం మాత్రం ఆఫీసుల్లో ప్రతి టేబుల్ సొరుగులోకీ చేరింది. తేలు కుట్టిందని సెలవు అడిగేవాళ్ళు ఇకమీదట డాక్టరు సర్టిఫికెట్ జతపరచాలని ఒక కంపెనీ సర్క్యులర్ కూడా తీసింది.

ఆ నెలలోనే ఒక ఆదివారం ఉదయం, పుస్తకం చంకన పెట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళుగా హాజరుపట్టీ రాస్తున్న గుమాస్తానని చెప్పుకున్నాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సార్, నూట నలభయ్యో పేజీ. 'పై అధికారి వెంట వెళ్ళాడు' అని ఇరవై మూడు సార్లుంది. అది రాజుగారి సమాధిలో ఏదో పవిత్ర సేవ అని రాశారు."

"అవును," అన్నారు మాస్టారు. ఆ సేవ మీద ఆయన రెండు అంతర్జాతీయ సదస్సుల్లో పత్రాలు చదివారు.

"ఏమీ అనుకోకండి సార్. ఆ అధికారి ఇల్లు కట్టుకుంటున్నాడు."

"ఏమిటీ?"

"వెళ్ళినవాళ్ళెవరో చూడండి. ముందు రాళ్ళు కొట్టేవాళ్ళు. ఆ తర్వాత గోడలకు పూత పూసేవాళ్ళు. ఆఖర్న రంగులేసేవాళ్ళు. పవిత్ర సేవకి ఈ వరసలో ఎందుకు పిలుస్తారండీ? మేమూ ఇలాగే రాస్తాం, 'ఆఫీసరు గారి డ్యూటీ' అని. అంతకంటే విప్పి రాస్తే రాసినవాడి ఉద్యోగం ఊడుతుంది."

మాస్టారు లేచి లోపలి నుంచి ఫొటోలు తెచ్చి బల్ల మీద పరిచారు. తేదీలు ఒక్కొక్కటే సరిచూశారు. ఎక్కడా తేడా రాలేదు. మొదట ఆయనకు సిగ్గేసింది. తర్వాత, ఎన్నాళ్ళ తర్వాతో, చెప్పలేనంత సంతోషం వేసింది. ఆ పలక రాసినవాడు కూడా పైవాడికి భయపడుతూ, అయినా అబద్ధం రాయలేక, మధ్యేమార్గంగా ఒక మాట వెతుక్కున్న మనిషని ఇన్నేళ్ళలో ఆయనకు ఒక్కసారీ తట్టలేదు. భార్య రెండుసార్లు టీ ఇచ్చి, మూడోసారి తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది. గుమాస్తా చీకటి పడ్డాక వెళ్ళాడు.

ఇద్దరి పేర్లతో వ్యాసం ఒక విదేశీ పరిశోధన పత్రికకు వెళ్ళింది. రెండో రచయిత అర్హత ఏమిటని సంపాదకులు అడిగారు. 'ముప్పై ఒక్క ఏళ్ళ హాజరుపట్టీ' అని మాస్టారు జవాబు రాశారు. వాళ్ళు ఏడు నెలలు తర్జనభర్జన పడి, చివరికి అచ్చువేశారు. తన సిద్ధాంతాన్ని తనే కూల్చుకున్నాడని శాఖలో నవ్వుకున్నారు.

గుమాస్తా కోరితే మాస్టారు ఆ వ్యాసాన్ని తెలుగులో రాసిచ్చారు. అతను దాన్ని డిపో నోటీసు బోర్డుకు అంటించాడు. మర్నాడు మధ్యాహ్నం ఫోను చేశాడు.

"సార్, మన వ్యాసం పీకించేశారు. మేనేజరు గారు వచ్చి, నిలబడి, ఆఖరి దాకా చదివారు."

"అయ్యయ్యో! మీకేమైనా ఇబ్బందా?"

"నాకేం లేదండీ. కానీ వారం రోజులుగా 'ఆఫీసరు గారి డ్యూటీ'లో ఉన్న ఇద్దరు మెకానిక్కులు గంట క్రితం డిపోకి వచ్చేశారు. ఒకడి మోచేతుల దాకా పచ్చరంగే."

మాస్టారు కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశారు.

"వాళ్ళు వెళ్ళిన తేదీలు చెప్పండి," అన్నారు.