ఎడమ మలుపులో చప్పుడు

కారు ఎడమకు తిరిగినప్పుడల్లా ముందు దీపంలోంచి చప్పుడు వస్తోందని చెల్లెలు చెప్పినప్పుడు నేను నవ్వాను.

"టక్, టక్. రెండే సార్లు," అంది. "పొద్దున్నే చూస్తే దీపం అద్దం లోపల ఆవిరి పట్టి ఉంటుంది. ఎవరో మొహం ఆనించి ఊపిరి వదిలినట్టు."

"పాత కారు కొన్నావు కదే. పాత ఓనరు ఇంకా దిగలేదేమో."

వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆమె అత్తగారు నవ్వలేదు. "మా వాడు తలుపు కొట్టేది గుర్తుందా బాబూ? గోటితో, రెండు సార్లు."

ఆ వాడు అంటే మా బావ, చెల్లెలి భర్త. మూడేళ్ల కిందట స్కూటర్ మీద ఇంటికి వస్తుంటే ఏదో కారు గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన బతకలేదు. ఏ కారో తేలలేదు. చెల్లెలు మాత్రం వదల్లేదు. పోలీస్ స్టేషన్ మెట్లు అరిగేలా తిరిగింది. షెడ్డు షెడ్డుకీ వెళ్లి, ఆ రోజుల్లో ముందు భాగం పగిలిన కారేదైనా రిపేరుకు వచ్చిందా అని అడిగింది. నేను పని చేసే షెడ్డుకూ వచ్చి నన్నూ అడిగింది.

రాలేదన్నాను.

వచ్చింది. వెండిరంగు కారు. దాని ఓనరు తెల్లారగానే తెచ్చాడు. కుక్క అడ్డం వచ్చిందన్నాడు. పక్కనే నిలబడి తొందరపెట్టి, ముందు దీపానికి కొత్త అద్దం వేయించుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి బావ సంగతి తెలిసింది. పగిలిన ముక్కలు అప్పటికే నా చేతులతోనే చిమ్మి పారేశాను. ఆధారం చెరిపేసినవాణ్ని నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. అది కుక్కే అని మూడేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను.

చెల్లెలు కొన్న కారు ముదురు నీలం. అందుకే నాకేమీ తట్టలేదు.

ఆ ఆదివారం పదకొండింటికి బానెట్ ఎత్తాను. దీపం అంచున గమ్ము ఒక మూల పల్చగా ఉంది. తేమ అక్కణ్నుంచే దూరుతోంది.

"ఎవడో పని రానివాడు అతికించాడు," అన్నాను. "మా షెడ్డులోనైతే చెవి మెలేసేవాణ్ని."

"గట్టిగా మెలెయ్యి," అంది చెల్లెలు, స్క్రూడ్రైవర్ అందిస్తూ.

బంపర్ వదులు చేసి బోల్టులు తీశాను. మూడో బోల్టు కింద, రూపాయి బిళ్లంత మేర, పాత రంగు బయటపడింది. వెండిరంగు.

లోకంలో వెండిరంగు కార్లు కోకొల్లలు అనుకున్నాను. కానీ తీసిన బోల్టును మళ్లీ బిగించబోయాను.

"దీన్ని రేపు షెడ్డులో విప్పుతాలే. ఇంట్లో కుదిరేలా లేదు."

"సగం కుట్టిన జాకెట్టు నేనెప్పుడైనా ఎవరి చేతిలోనైనా పెట్టానా? మొదలుపెట్టావు, పూర్తిచెయ్యి." చెల్లెలు దర్జీ పని చేస్తుంది. ఏదీ సగంలో వదలదు.

బల్బులు, వెనక రబ్బరు మూత ఊడదీసి, అంచు స్క్రూలు తీసి, దీపాన్ని వంటింటి ఓవెన్‌లో పెట్టాను. సన్నటి వేడి, పది నిమిషాలు. గమ్ము మెత్తబడితే చాలు.

"దీపాన్ని వండుకు తింటారా ఏంటి?" అంది అత్తగారు.

"ఉప్పు వెయ్యనులే అత్తయ్యా."

నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఆ పది నిమిషాలూ ఓవెన్ గాజులోంచి దీపం నన్నే చూస్తున్నట్టుంది. లోపలి ఆవిరి మెల్లగా విచ్చుకుని, రెండు మచ్చలుగా మిగిలి, మాయమైంది.

నాకో అలవాటుంది. అద్దం బిగించే ముందు, తేమ పీల్చే గింజల్ని చిన్న గుడ్డసంచిలో పోసి దీపం మూల దాస్తాను. చెప్పుల పెట్టెల్లో వస్తాయే, ఆ గింజలు. ఇంకే షెడ్డులోనూ ఈ పద్ధతి లేదు. మిగిలిన గుడ్డముక్కలతో ఆ సంచులు కుట్టి ఇచ్చేది చెల్లెలే.

దీపాన్ని తువ్వాలు మీద పెట్టి, అంచులో స్క్రూడ్రైవర్ దూర్చి, ఆమె వైపు వీపు పెట్టి తిప్పాను. గమ్ము జీడిపాకంలా సాగింది. అద్దం ఊడొచ్చింది.

టక్, టక్.

దీపం లోపల వెలుగును ముందుకు తిప్పే మెరుపు రేకు వెనక నుంచి జారి నా అరచేతిలో పడింది. నాలుగు చిల్లుల తెల్ల గుండీ. వేలాడుతున్న చిన్న గుడ్డపీలిక. ఎర్రదారంతో అడ్డంగా, నిలువుగా కుట్టు.

బావ చొక్కాకు మూడో గుండీ ఊడిపోతే, తెల్లదారం అయిపోయి చెల్లెలు ఎర్రదారంతో కుట్టింది. దాని మీద ఆయన వారం రోజులు ఆటపట్టించాడు. పోలీసులు తిరిగిచ్చిన చొక్కాకు ఆ గుండీ లేదు.

పిడికిలి మూశాను.

ఆలోగా చెల్లెలు నా భుజం మీదుగా చెయ్యి పెట్టి, దీపం మూల నుంచి ఇంకొకటి పైకి లాగింది. బొటనవేలంత సంచి.

"అన్నయ్యా, ఇది నా కుట్టే," అని నవ్వింది. "చెవి మెలేసుకో మరి. ఆ పని రానివాడివి నువ్వే."

 ఆమె సంచిని వెలుతురులో తిప్పి చూసింది. పసుపు గుడ్డ, నీలం చార.

"మన పరదాల ముక్క ఇది. ఈ పరదాలు ఎప్పుడు కుట్టాను అత్తయ్యా?"

"వాడు పోయిన వారమే," అంది పెద్దావిడ. "ఆ వంటింటి కిటికీకి ఇప్పటికీ లేదుగా. తర్వాత ఆ గుడ్డ నువ్వు ముట్టుకోలేదు."

చెల్లెలి మొహంలో నవ్వు పోయింది. "ఆయన పోయే ముందు రోజే నీకు ఈ సంచులిచ్చాను. ఈ కారు నీ చేతికి ఎప్పుడొచ్చింది?"

ఆ తర్వాతెప్పుడో అంటే సరిపోయేది. మాట నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడు మూసిన పిడికిట్లో గుండీ కదిలింది. ఒకసారి. ఇంకోసారి.

చెయ్యి చాపి వేళ్లు తెరిచాను.

ఆమె గుండీని తీసుకుని గదిలోకి వెళ్లింది. బీరువా తలుపు కిర్రుమంది. చొక్కాతో వచ్చి, నేల మీద పరిచి, మూడో చోట గుండీ పెట్టింది. చిరిగిన గుడ్డలో పీలిక అతికినట్టు సరిపోయింది. అత్తగారు కుర్చీ దిగి వచ్చి, చొక్కా పక్కన కూర్చుని, దాని చెయ్యి పట్టుకుంది.

"కుక్క అన్నాడు," అన్నాను.

"నమ్మావా?"

"నమ్మాలనుకున్నాను."

"నేను అడగడానికొచ్చిన రోజు తలెత్తకుండా సాన పడుతూనే ఉన్నావు. కంట్లో దుమ్ము పడుతుందని అలా వంచుకున్నావనుకున్నాను." ఆమె గొంతు పెరగలేదు. అదే భరించలేకపోయాను. "ఎవడు?"

"ఇప్పటికీ మా షెడ్డుకే వస్తాడు, వేరే కారుతో. నిన్న కూడా వచ్చాడు."

 తర్వాత ఆమె చొక్కా మడిచింది.

"స్టేషన్‌లో నీ సంగతి కూడా చెప్పాలి."

"చెప్తాను. మొదట అదే చెప్తాను."

"అయితే దీపానికి మూత పెట్టకు. ఇలాగే తీసుకెళ్దాం."

ఒక కన్ను పెరికిన కారును నేనే నడిపాను. చెల్లెలు పక్కన కూర్చుంది. ఒళ్లో తువ్వాలులో చుట్టిన దీపం, పిడికిట్లో గుండీ. వద్దన్నా వినకుండా అత్తగారు వెనక ఎక్కింది. వీధి చివర ఎడమకు తిప్పాను.

టక్, టక్.

చెల్లెలి ఒళ్లోకి చూశాను. తువ్వాలు కదల్లేదు. పిడికిలి గట్టిగా మూసే ఉంది. చప్పుడు ముందు నుంచి, దీపం లేని ఆ ఖాళీ గుంతలోంచి వచ్చింది.

వెనక సీట్లో పెద్దావిడ, గడియ తియ్యడానికి లేస్తున్న మనిషిలా ముందుకు వంగింది.

"వస్తున్నాం నాయనా," అంది. "వస్తున్నాం."