తోక బండి

నేను ఒక గరుడ మోటారు సైకిల్ని. నన్ను చేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. విజయనగరంలో మా బళ్ళున్నవాళ్ళ ముందు మాత్రం ఆ మాట అనకండి, కొట్టినంత పని చేస్తారు. తమను తిట్టినా ఊరుకుంటారు గానీ గరుడ ఇంజను మీద ఈగ వాలనివ్వరు. మనుషుల తీరే అంత.

నా మొదటి యజమాని ఒక కాంట్రాక్టరు. మోజు తీరగానే నన్ను పశువుల పాకలో పడేశాడు. అక్కణ్ణించి బయటికి లాగి, పేడ కడిగి, ఇంజను విప్పి బిగించి నాకు ప్రాణం పోసినవాడు పైడినాయుడు. రైసు మిల్లులో ఫిట్టరు. ఆ తర్వాత అతనికి రెండో కిక్కు కొట్టాల్సిన అవసరం రాలేదు.

ఏటా వానలు వెనకబట్టాక గరుడ బళ్ళవాళ్ళంతా వరసగా అనంతగిరి ఘాట్ ఎక్కేవారు. ఎన్నడూ ఆగని బండిని అందరికంటే వెనక ఉంచడం వాళ్ళ ఆనవాయితీ. దాన్ని తోక బండి అనేవారు. ముందు ఎవరి బండి మొరాయించినా, పానాలు, పనిముట్లున్న సంచితో వెనకనుంచి వచ్చి ఆదుకునేది అదే. అందుకని ఆ వరసలో వెనక్కి తిరిగి చూసేవాడు ఉండడు. ఆ చోటు మాకు దక్కిందని పైడినాయుడు ఊరంతా చెప్పుకున్నాడు. నేనూ పొంగిపోయాను, దాచడమెందుకు.

ఆఖరిసారి బయల్దేరిన ఉదయం అతని ఒంట్లో బాగోలేదు. ఎడమ చెయ్యి లాగేస్తోందని గుండె రుద్దుకుంటూ కూర్చున్నాడు. వెళ్ళొద్దని భార్య గౌరమ్మ బతిమాలింది. తను రాకపోతే బండి పాడైందనుకుంటారని, వేరే కంపెనీ బళ్ళవాళ్ళు నవ్వుతారని అతని బెంగ. ఆమె గుమ్మంలో ఉండగానే నా ట్యాంకు మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు.

"ఈ ఒక్క పాలికీ స్టార్టవ్వకే తల్లీ. ఇంటికాడే ఉండిపోతాను."

అలవాటు కొద్దీ కిక్కు కొట్టాడు. అలవాటు కొద్దీ నేనూ పలికాను.

ఘాట్‌లో నాలుగు మలుపులు దాటాక నన్ను పక్కకు తీసి స్టాండు వేశాడు. ఇంజను ఆపలేదు. గుండె పట్టుకుని నా పక్కనే కూలబడ్డాడు. ముందు బళ్ళ చప్పుడు కొండ చుట్టి వెళ్ళిపోయింది. నాకు హారన్ ఉంది, నొక్కే చెయ్యి లేదు. ఆగకుండా ఇంజను ఆడించడం తప్ప నాకేం చేతనవును?

పైన టీ కొట్టు దగ్గర, నాయుడింకా రాలేదేమని అతని నేస్తం సన్నిబాబు అడిగాడట. దారిలో ఎవడి బండికో చాకిరీ చేస్తుంటాడని మిగతావాళ్ళు నవ్వి, ఇంకో టీ చెప్పుకున్నారట. చివరికి వెతుక్కుంటూ దిగి వచ్చేసరికి అతని ఒళ్ళు చల్లబడింది. నా ఇంజను ఆడుతూనే ఉంది. సన్నిబాబు నా తాళం తిప్పి రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

"బండి ఆగదనుకున్నాం గానీ, మనిషాగిపోతాడని అనుకోనేదురా."

మరుసటి ఏడు వాళ్ళంతా ఇంటికొచ్చారు. నాయుడి గుర్తుగా నన్నే మళ్ళీ తోక బండిగా తీసుకెళ్తామన్నారు. సన్నిబాబు కిక్కు కొట్టాడు. నేను పలకలేదు. చెమటలు కారేదాకా కొట్టాడు. గరుడ కూడా పాడైపోయిందా అని ఎవరో గొణిగితే అందరి మొహాలూ వాడిపోయాయి.

గుమ్మంలోంచి గౌరమ్మ అంది. "పాడవనేదు బాబూ. నానే ప్లగ్గు తీసి నూతిలో పారీసినాను. ఇంటికాడే ఉండనీండి."

పైడినాయుడు నన్ను అడిగిందీ అదే.