జోజప్ప గడ్డం

నేను ఒక కల్లుగీత బొమ్మను. కొండపల్లిలో నన్ను పొణికి కర్రతో చెక్కి, చింతగింజల మక్కుతో కాళ్ళూ చేతులూ అతికించి, ఒక తాటిచెట్టుకు తగిలించారు. చెట్టెక్కడం నా పని. ఆ పని ఒక్కనాడైనా నన్ను చేసుకోనివ్వలేదు ఈ మనుషులు.

బెజవాడలో తోపుడుబండి మీదికి చేరేసరికే నా చెట్టు విరిగిపోయింది. చెట్టు లేని గీతగాణ్ణి ఎవరు కొంటారు? గుణదల ఇన్నాసమ్మ కొంది. క్రిస్మస్‌కు ఆవిడ వరండాలో కట్టే పశువుల పాకలో మరియమ్మ భర్త జోజప్ప మట్టిబొమ్మను ఆ ఏడు ఎలుక పడేసి పగలగొట్టిందట. మరియమ్మ ఉంది, బాలయేసు ఉన్నాడు, ఇంటాయన లేడు. ఆ ఖాళీలోకి నన్ను నెట్టింది. నడుముకున్న మోకు పీకేసి, చేతుల మధ్య చీపురుపుల్ల ఇరికించి, కాటుక భరిణెలో వేలు ముంచి నాకు గడ్డం దిద్దింది. చెట్టెక్కడానికి వంచిన మోకాళ్ళు కాస్తా బిడ్డ ముందు మోకరిల్లుతున్నట్టు కనిపించాయి. “ఎంత వినయమో చూడండి!” అన్నారు ఇల్లు దీవించడానికి వచ్చిన ఫాదర్‌గారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అయినా నిజం చెప్పాలి. ఏడాదంతా ట్రంకుపెట్టెలో చమ్కీ దండల కింద పడి ఉన్నాక, డిసెంబరు రాగానే ఆ వేలు నా గడ్డాన్ని తాకేది. చెరిగిన చోట మళ్ళీ దిద్దేది. ఇంకెవరినీ ఆ పని చేయనిచ్చేది కాదు. కూతుళ్ళిద్దరూ, లూర్దూ ఆరోగ్యమూ, పక్కన కూర్చుని గడ్డి పరిచేవాళ్ళు. ఆ వేలంటే మాత్రం నాకు ఇష్టం.

ఇన్నాసమ్మ చాలాకాలం మంచాన పడి కన్నుమూసింది. చివరిదాకా దగ్గరున్నది చిన్నది ఆరోగ్యం. పెద్దది లూర్దు కాపురం ఏలూరులో. అమ్మ లేని మొదటి పండగకు అక్క వస్తోందని, ఇంట్లో అన్నీ తళతళలాడాలనుకుంది ఆరోగ్యం. బుద్ధి ఎక్కడ పెట్టుకుందో, నన్ను సబ్బునీళ్ళలో ముంచి పాత బ్రష్షుతో తోమింది. నా చొక్కా రంగు సగం పోయింది. గడ్డం మొత్తం పోయింది.

లూర్దు వచ్చి, సంచి ఇంకా భుజాన ఉండగానే నన్ను చేతిలోకి తీసుకుంది. చెక్క బయటపడ్డ నా గడ్డాన్ని చూసి ఆవిడ మొహం నల్లబడింది.

“దేనికే కడిగావు?”

“మురిగ్గా ఉందని కడిగానే అక్కా. పండగ కదా.”

“అది మురికా? అమ్మ చెయ్యే అది! ఇంట్లో ఆవిడది ఇంకేం మిగిలిందే? దాన్నీ కడిగి పారబోశావు కదే!”

ఆరోగ్యం కాసేపు తల వంచుకుంది. లూర్దు అక్కడితో ఆపి ఉంటే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేవాళ్ళే. ఆపలేదు. “నీకు పట్టింపుంటే కదా, చేతికందిందల్లా తోమెయ్యడమే నీకు తెలిసింది” అంది.

ఆరోగ్యం తలెత్తింది. “అవునే, తోమడమే తెలుసు నాకు. మంచంలో అమ్మను కడిగిందీ నేనే. అప్పుడు ఎక్కడున్నావే నువ్వు? బొమ్మ గడ్డానికి ఏడవడానికి మాత్రం బస్సెక్కి వచ్చావు!”

లూర్దు పాక ముందు వంగింది. మరియమ్మనూ బాలయేసునూ కొంగులో చుట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. నన్ను గడ్డి మీదికి విసిరేసింది. ఆ కాటుక గీత కోసమే కదా ఇంత గొడవ! అది పోయాక నేనెవరికీ అక్కర్లేదు.

ఆ తర్వాత చాలా క్రిస్మస్‌లు వచ్చాయి. ఇప్పటికీ ఆరోగ్యం పాక కడుతుంది, నక్షత్రం వేలాడదీస్తుంది, ఖాళీ గడ్డి ముందు నన్ను మోకాళ్ళ మీద నిలబెడుతుంది. కొత్త బొమ్మలు కొనుక్కోరాదా అని ఎవరైనా అంటే, “మావి ఏలూరులో ఉన్నాయండీ” అంటుంది. అక్కడ మరియమ్మ పక్కన కూడా ఎవరినీ పెట్టలేదని చుట్టాలు చెబుతారు. అంత పౌరుషం ఉన్నవాళ్ళకు ఒక్కసారి బస్సెక్కడానికి ఏం రోగమో నాకు తెలియదు.

ప్రతి డిసెంబరులోనూ ఆరోగ్యం తల్లి కాటుక భరిణె తీసి వేలు ముంచుతుంది. ఆ వేలు నా గడ్డం దాకా వస్తుంది. తాను గీస్తే అది అమ్మది కాదని గుర్తొచ్చి ఆగిపోతుంది. కాటుక తన కొంగుకే తుడిచేసుకుని వాకిట్లోకి వెళ్ళి రోడ్డు వైపు చూస్తుంది.

నాకు గడ్డం రాలేదు. వాళ్ళ అక్కా రాలేదు.