పొట్ట నొక్కి చూసిన పీతలు

పేరమ్మకు తెల్లవారినప్పటి నుంచి ఒకటే దిగులు. తడ దగ్గరి సరస్సులో భర్త మాలకొండయ్య పట్టిన పీతలు మొదటిసారి దళారి చేతికి కాకుండా నేరుగా చెన్నై హోటలుకు వెళ్తున్నాయి. సరుకు ఎలాంటిదో ఇంగ్లీషులో రాసి పంపమన్నాడు అక్కడ కొనే సుకుమార్. రాసినట్టు లేకపోతే ఇక కొననని ముందే చెప్పాడు.

డిగ్రీ చదివే కూతురు రోజారమణి ఫోన్లో చకచకా రాసేసింది.

"ఏం రాసినావో తెలుగులో చెప్పు మే."

"చాలా పెద్దవి, చాలా తాజావి, చాలా అందమైన పీతలు అని."

"అందమా? పెళ్లిచూపులకు పంపిస్తన్నామా ఏంది?"

పేరమ్మ ఐదో తరగతితో బడి మానేసింది. కానీ పీతల సంగతి ఆమెకు తెలిసినంతగా ఆ వాడలో ఎవరికీ తెలియదు. కొత్తగా పెంకు మార్చుకున్న పీత పైకి దిట్టంగానే ఉంటుంది, లోపల గుల్ల. పొట్టమీద బొటనవేలితో నొక్కితే తప్ప బయటపడదు. అందుకే కాళ్లు కట్టేసిన ఇరవై పీతలనూ మళ్లీ ఒక్కొక్కటే తిప్పి నొక్కింది. రెండు పీతల్లో వేలు దిగింది.

"అడుగున వేసెయ్. ఎవురు చూడొచ్చినారు?" అన్నాడు మాలకొండయ్య.

"ఆ హోటలాయన మొదట నొక్కేది ఆ రెండే అయితే? మళ్లీ మన మొకం చూస్తాడా?"

పేరమ్మ ఆ రెండింటినీ ఎర్రదారంతో వేరుగా కట్టింది.

"రాయి మే. పొట్ట నొక్కినా వేలు దిగని పీతలు పద్దెనిమిది. ఎర్రదారం కట్టిన మెత్తనివి రెండు."

రోజారమణి కళ్లు మెరిశాయి. 'వెరీ'లన్నీ కొట్టేసి, అమ్మ చెప్పింది చెప్పినట్టే ఇంగ్లీషులో పెట్టింది. "ఇట్లా రాస్తే చూడకుండానే కనిపిస్తాయి మా!"

సరుకు చెన్నై చేరాక, మధ్యాహ్నం సుకుమార్ నుంచి ఫోన్ వచ్చింది. "రాసినట్టే ఉన్నాయమ్మా. మెత్తనివి సూపుకు తీసుకున్నాం. శుక్రవారం నుంచి వారం వారం పంపండి. రాసింది ఎవరు?"

"రాసింది నేనే గానీ, మాటలు మా అమ్మవి సార్."

పేరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "శుక్రవారం గాలి లేచి పడవ పోలేకపోతేనో?"

"లేస్తే శనివారం పోతాలే, ముందు అన్నం పెట్టు" అని నవ్వాడు మాలకొండయ్య.

"శనివారమంటే ఇప్పుడే చెప్పాల ఆ హోటలాయనకి. చెయ్యి మే ఫోను, నేనే మాట్లాడతా" అంది పేరమ్మ.