పిన్ని మెడకు పెట్టిన పరీక్ష

మా మందుల షాపులో దగ్గు సిరప్పుల అర కంటే ముందు ఖాళీ అయ్యేది మెడ క్రీముల అర. పదకొండేళ్లుగా ఆ కౌంటరు వెనక నిలబడుతున్నాను. "ఇది రాస్తే మెడ నిజంగా బిగుస్తుందా అండీ" అని అడిగినవాళ్లకు ఉన్నమాట చెబుతాను. చర్మం మెత్తబడుతుంది, సన్న గీతలు కాస్త పూడినట్టు కనిపిస్తాయి, జారింది మాత్రం పైకి రాదు అంటాను. వాళ్లు శ్రద్ధగా విని, తల ఊపి, ఒకటికి రెండు కొనుక్కుపోతారు. మా ఓనరు మాత్రం నవ్వుతాడు, నేను వద్దన్నకొద్దీ సరుకు కదులుతోందట. నాకు అసలే ముక్కు మీద కోపం, ఆ నవ్వు చూస్తే ఇంకా పెరుగుతుంది.

అలాంటిది ఒక సోమవారం పొద్దున్నే మా పిన్ని వచ్చి, కౌంటరు మీద చెయ్యి ఆనించి, "మెడకి రాసుకునేది ఏదైనా ఉంటే ఒకటివ్వవే" అంది. నాకు ఒళ్లు మండింది. ప్రపంచంలో అందరూ డబ్బా మీది కాకమ్మ కబుర్లు నమ్మినా నేను ఊరుకుంటాను గానీ, మా పిన్ని నమ్మితే ఎలా ఊరుకుంటాను.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. రెండు వీధుల అవతల నగల దుకాణంలో నెక్లెస్సుల దగ్గర ఇరవై ఏడేళ్లుగా పనిచేస్తోంది. ఆ దుకాణంలో నెక్లెస్సును పెట్టెలో పెట్టి చూపించరు. పెద్ద యజమాని ఉన్నప్పుడు పెట్టిన పద్ధతి అది. కొనేవాళ్లు ఎదురుగా కూర్చుంటే పిన్ని ఆ నగను తన మెడలో వేసుకుని, గడ్డం రవ్వంత ఎత్తి, కిటికీ వెలుతురులోకి మెల్లగా తిరుగుతుంది. అటొకసారి, ఇటొకసారి, అంతే. నోటితో ఒక్క మాట పొగడదు. పైగా మనిషిని చూసి, "ఇది మీకు కాదమ్మా, మీ మెడ పొట్టి, గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది" అని తనే తీసి పక్కన పెట్టేస్తుంది. ఆ మాట విన్నవాళ్లు కోపం తెచ్చుకుని వెళ్లిపోతారనుకుంటాం కదా, వెళ్లరు. ఇంకోటి చూపించమంటారు. నా చిన్నప్పుడు సెలవుల్లో అక్కడ స్టూలు మీద కూర్చుని ఈ తంతు నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఇప్పటికీ అలాగే చూస్తాను, సిగ్గేం లేదు.

పెద్ద యజమాని పోయాక కొడుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు. మాట మెత్తన, పని మీద శ్రద్ధ ఉంది. ముఖమల్ బట్ట చుట్టిన మెడ బొమ్మ ఒకటి తెప్పించాడు. తలా చేతులూ లేకుండా, నున్నగా, ఒక్క గీత కూడా లేని మెడ. ఇక మీదట నగలు దాని మీదే చూపిద్దామన్నాడు.

"నన్ను లోపల సర్దే గదిలో కూర్చోమంటున్నాడే" అంది పిన్ని. "పెట్టెల్లో దూది పెట్టి మూతలు వెయ్యాలట. వెంటనే కాదు, ఈ మూడు నెలలూ చూద్దాం ఆంటీ, మెడకి ఏదైనా రాసుకుని చూడండి, ఇప్పుడు మందుల షాపుల్లో మంచివి దొరుకుతున్నాయి అన్నాడు. మర్యాదగానే అన్నాడులే."

"మర్యాదగా అంటే మాత్రం? జారిన చర్మాన్ని ఏ క్రీమూ ఎత్తదు పిన్నీ. నా మాట విను."

"నువ్వు ఎత్తదంటావు. డబ్బా మీద ఎత్తుతుందని రాసుంది. ఇద్దరికీ సాక్ష్యం లేదు. గీటురాయి మీద గీసి చూడందే నేను దేన్నీ బంగారం అనను."

ఆ తర్వాత ఆవిడ చెప్పిన ఏర్పాటు విని నేను నోరు మూసుకున్నాను. రెండు ఖాళీ డబ్బాలు తీసుకోమంది, ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి తెల్ల మూత. ఒకదాంట్లో ఆ మెడ క్రీము, రెండోదాంట్లో ఏ గొప్పా చెప్పుకోని మామూలు క్రీము నింపమంది. ఎర్ర మూతది ఎడమ వైపు, తెల్ల మూతది కుడి వైపు, పన్నెండు వారాలు.

"ఏది ఎందులో పోశావో నాకు చెప్పకు. తెలిస్తే నా కన్ను అటే మొగ్గుతుంది" అంది.

మందుల చదువు చదివింది నేను. ఈ ఆలోచన రావలసింది నాకు. వచ్చింది మాత్రం పదో తరగతి దగ్గర ఆగిపోయిన మా పిన్నికి.

ఆ పన్నెండు వారాలూ ఆవిడ చేసిన పద్ధతి చూస్తే ఎవరైనా దండం పెడతారు. పొద్దున ఒకసారి, పని నుంచి వచ్చి ఒకసారి, మెడ కడుక్కుని, తుడుచుకుని, ఎడమ వైపుకు ఎడమ చెయ్యి, కుడి వైపుకు కుడి చెయ్యి. ఒక చేతిది రెండో వైపు అంటకూడదని మధ్యలో గొంతు దగ్గర రెండు వేళ్ల మేర వదిలేసేది. ప్రతి ఆదివారం పదింటికి నేను వెళ్లి ఫొటో తియ్యాలి. అదే వరండా, అదే కుర్చీ, అదే రవిక. ఒక వారం మబ్బు పట్టిందని ఎండ వచ్చేదాకా గంటన్నర కూర్చోబెట్టింది. నాకు తల ప్రాణం తోకకి వచ్చింది. "నువ్వు పెళ్లిచూపులకి కూడా ఇంత ముస్తాబు కాలేదేమో" అని సణిగితే, "అప్పుడు చూడ్డానికి వచ్చినవాడు మీ బాబాయి. ఆయనకి దగ్గర చూపు ఆనదు, ఎందుకు ముస్తాబు" అంది.

నాలుగో వారానికి మెడ మెత్తబడింది. ఎండకు పొడిబారి గరుకుగా ఉండే చోట చెయ్యి పెడితే నునుపు తెలిసింది. దుకాణంలో తోటివాళ్లు, "మెడ బాగుందే" అన్నారట. పిన్ని మొహంలో ఒక ఆశ కనిపించింది. అది చూసినప్పుడల్లా నేను చూపు తిప్పుకునేదాన్ని. ఎందుకంటే నునుపు రెండు వైపులా వచ్చింది.

పన్నెండో ఆదివారం ఫొటోలన్నీ అచ్చు వేయించి తీసుకెళ్లాను. బల్ల మీద వరసగా పరిచాను. మొదటి వారానికీ చివరి వారానికీ తేడా ఉంది, ఎడమకీ కుడికీ వెంట్రుక వాసి తేడా లేదు. గడ్డం కింద జారిన మడతలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. మర్నాడు సోమవారం, మూడు నెలల గడువు తీరుతుంది. ఇరవై ఏడేళ్ల కుర్చీ వదిలి ఆవిడ గాలి ఆడని గదిలో దూది సర్దుకుంటూ కూర్చోవడం నా కళ్ల ముందు కదిలింది. నేను తట్టుకోలేకపోయాను.

"ఎర్ర మూత వైపు బిగిసింది పిన్నీ. స్పష్టంగా తెలుస్తోంది. ఈ ఫొటోలు మీ చిన్న యజమానికి చూపించి ఇంకో ఆర్నెల్లు అడుగు" అన్నాను.

పదకొండేళ్లుగా ఊళ్లో అందరి మొహం మీదా ఉన్నమాట చెప్పేదాన్ని, ఆ రోజు మా పిన్నికే చెవిలో పువ్వు పెట్టబోయాను. ఆవిడ చివరి ఫొటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురుకు పట్టి, చాలాసేపు చూసింది. రవ్వ పరిమాణంలో ఉన్న రాళ్లలో మచ్చ పట్టుకునే కన్ను అది. ఆ సంగతి మరిచి నేను పప్పులో కాలేశాను.

"నా దగ్గర కూడా కల్తీయేనా?" అంది, గొంతు పెంచకుండా.

నేను తల దించుకున్నాను.

"నువ్వు నా మీద ప్రేమతోనే అన్నావు, తెలుసు. కానీ నా మాట మీద నమ్మకంతో ఇన్నేళ్లు మనుషులు మెడ వంచారే నా ముందు. అబద్ధం చెప్పి ఆ కుర్చీలో కూర్చుంటే రేపు నేను ఎవరికి ఏం చెప్పను? రేపు నువ్వూ నాతో రా. ఏ డబ్బాలో ఏముందో అక్కడే చెబుదువుగాని."

మర్నాడు షాపుకు ఒంటిపూట సెలవు పెట్టి వెళ్లాను. దుకాణం అప్పుడే తెరిచారు, కొనేవాళ్లు ఇంకా రాలేదు, చిన్న యజమాని మెడ బొమ్మ మీద దుమ్ము దులుపుతున్నాడు. మూల బల్ల దగ్గర భూతద్దం తాత ఉన్నాడు. నగలు రిపేరు చేస్తాడు, కంటికి బిగించుకునే అద్దం అన్నం తినేటప్పుడు కూడా తియ్యడని ఆ పేరు. ఆయన ఎదుట చిన్న యజమాని తల్లి కూర్చుని ఉంది. చెవి కమ్మ మర వదులైందని బిగించడానికి ఇచ్చిందట. మంచి నిండైన మనిషి, మెడ చుట్టూ పట్టు గుడ్డ బిగుతుగా చుట్టుకుని ఉంది.

పిన్ని తిన్నగా తాత దగ్గరికి వెళ్లి కుర్చీలో కూర్చుని గడ్డం ఎత్తింది.

"తాతా, ఎడమా కుడీ చూసి చెప్పు. ఏ వైపు మేలు?"

తాత ఆశ్చర్యపోలేదు. బల్ల దీపం దగ్గరికి లాగి, అద్దం సరిచేసుకుని, ఉంగరం చూసినట్టే చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్లీ అటు చూశాడు.

"రెండూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. మెరుగు వచ్చింది, బిగువు రాలేదు" అన్నాడు.

పిన్ని నా వైపు చూసింది. ఎర్ర మూత డబ్బాలోది మీరు చెప్పిన మెడ క్రీము, తెల్ల మూతది పసిపిల్లలకు రాసే మామూలు క్రీము అని చిన్న యజమానికి చెప్పాను. చర్మానికి తడి ఏది ఇచ్చినా ఇంతే మెరుగు వస్తుందనీ, ఎండ తగలకుండా కాపాడుకుంటే ఉన్నది నిలుస్తుందనీ, జారినదాన్ని ఎత్తే పని డబ్బాల వల్ల కాదనీ చెప్పాను. గొంతు కాస్త పెరిగింది, నా అలవాటే అది.

"మీరు మూడు నెలలు చూద్దామన్నారు బాబూ, చూశాం" అంది పిన్ని. "ఈ మెడ ఇక బిగవదు. లోపలికి వెళ్లమంటే వెళతాను. మీరు పొరపాటు పడి ఉంచుకోవడం మాత్రం నాకు వద్దు."

అతను ఇబ్బందిగా బొమ్మ వైపు చూశాడు. "ఏం అనుకోకండి ఆంటీ. రోజులు మారాయి. గీతల్లేని మెడ మీద నగ బాగా కనిపిస్తుంది" అన్నాడు.

"కనిపిస్తుంది బాబూ. వేసుకునేది మాత్రం గీతలున్నవాళ్లు."

పిన్ని లేచి తన సంచీ తీసుకుంది. నేను అతన్ని నాలుగు కడిగేద్దామని నోరు తెరిచాను. ఇంతలో పెద్దావిడ మాట్లాడింది.

"ఏమ్మా, ఏ క్రీమూ పనిచెయ్యదా?" అంది పిన్నితో.

"మెత్తగా ఉంచుతుందమ్మా. అంతకు మించి నేను చూడలేదు."

"నా బీరువాలో పద్నాలుగు డబ్బాలున్నాయి." ఆవిడ మెడ మీది గుడ్డ అంచు సవరించుకుంది. "మా ఆయన పోయాక నాలుగేళ్లుగా ఈ మెడ ఎవరికీ చూపించలేదు. నగలన్నీ పెట్టెలోనే ఉన్నాయి. వీడికేం తెలుసు, అమ్మకి చలి అనుకుంటాడు."

చిన్న యజమాని తల్లి మొహం వైపే చూస్తుండిపోయాడు. ఆవిడ పట్టు గుడ్డ ముడి విప్పింది. మడిచి ఒళ్లో పెట్టుకుంది. మా పిన్ని మెడ కంటే ఎక్కువే జారిన మెడ. అతని కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. అతన్ని కడిగేద్దామనుకున్న నాలుగు మాటలూ నా నోట్లోనే ఉండిపోయాయి.

పిన్ని అయ్యో అనలేదు, బాగానే ఉందమ్మా అని కూడా అనలేదు. సంచీ కింద పెట్టి, ఎదురుగా కూర్చుని, నగ కొనడానికి వచ్చినవాళ్ల మెడను చూసినట్టు చూసింది.

"మూడు మడతలున్నాయి. బిగుతు నెక్లెస్సు వద్దు, మడతలో ఇరుక్కుంటుంది. బరువు హారం కూడా వద్దు, చూపు కిందకి లాగుతుంది. సన్నటి గొలుసు, ఎముక మీద ఆగాలి."

అరలోంచి ఒకటి తీసింది. ముందు తన మెడలో వేసుకుని, కొక్కెం రెండు వేళ్లతో నొక్కి, గడ్డం ఎత్తి కిటికీ వైపు తిరిగింది. అటొకసారి, ఇటొకసారి. పన్నెండు వారాలు ఫొటోలు తీసిన నాకు ఆ మెడ మీద ప్రతి గీతా తెలుసు. ఆ గీతలన్నీ ఉండగానే ఎంత అందంగా ఉందో నాకు అప్పుడే తెలిసింది. పెద్దావిడ కన్నార్పకుండా చూసింది. తర్వాత పిన్ని గొలుసు తీసి, ఆవిడ వెనక్కి వెళ్లి, మెడలో వేసి, అద్దం ముందుకు జరిపింది.

పెద్దావిడ అద్దంలో చూసుకునే ముందే గొలుసు మీద చెయ్యి వేసుకుంది.

"వెచ్చగా ఉంది" అంది.

పిన్ని వంగి గొలుసు కొసను వేలితో కొలిచింది.

"రెండు లంకెలు ఎక్కువైంది. తాత తీసేస్తాడు. రేపు పొద్దున రండమ్మా, వేసి చూద్దాం. నేను ఇక్కడే ఉంటాను."

అన్నాక గాని తనేం అందో పిన్నికి తట్టలేదు. నాలుక కరుచుకుని చిన్న యజమాని వైపు చూసింది.

అతను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుని, "ఇక్కడే ఉంటారమ్మా" అన్నాడు తల్లితో.