ఎల్లన్న ఎర్ర లడ్డు

తిమ్మాజిపేట చుట్టుపక్కల పెళ్లి ఎవరింట్లో అయినా లడ్డు మాత్రం ఎల్లన్న చేతిదే ఉండాలి. అంత ఎర్రగా, అంత నిగనిగలాడుతూ ఇంకెవరికీ కుదరదు మరి. ఆ నిగారింపు దుకాణంలో దొరికే రంగుపొడి పుణ్యమేనని ఊరందరికీ తెలుసు. ఎల్లన్న మాత్రం అదంతా తన చేతి మహిమేనని మీసం తిప్పేవాడు.

ఆ మీసాన్ని దించింది ఆయన మనవరాలు కావ్య. తాత వంట చేసిన పెళ్లికి వెళ్లి వచ్చిందంటే చాలు, పిల్లకు ఒళ్లంతా దద్దుర్లు, ఒకటే గోకుడు. దిష్టి అన్నారు, ఎండ అన్నారు, చివరికి పందిట్లో పరిచిన జంపఖానాను కూడా తిట్టారు. కావ్య తల్లి, ఎల్లన్న పెద్దకూతురు ఉమారాణి నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోతే, డాక్టరమ్మ పిల్ల ఏమేం తిన్నదో ఓపిగ్గా అడిగింది. అందరికీ కాకపోయినా కొందరు పిల్లలకు ఆ రంగులు పడవని, మానేసి చూడమని చెప్పింది. రంగు మానేశారు, దద్దుర్లూ మానేశాయి. నా చేత్తో నేనే పెట్టి పిల్లను ఏడిపించానే అని ఎల్లన్నకు చాలా రోజులు అన్నం సహించలేదు.

ఇంతలో చిన్నకూతురు అశ్వినికి పెళ్లి కుదిరింది. చిన్నమ్మ పెళ్లిలో కూడా లడ్డు తినొద్దా అని కావ్య ముఖం వేలాడేసింది. ఎల్లన్న మనవరాలి నెత్తిన చెయ్యిపెట్టి, ఈసారి రంగు ముట్టనని, పసుపుతోనే చేస్తానని ఒట్టేశాడు. రంగు వెయ్యకుండా తండ్రి చెయ్యి ఆగుతుందని ఉమారాణికి మాత్రం నమ్మకం లేదు.

పెళ్లినాడు పొద్దున శనగపిండి కలుపుతుంటే ఎల్లన్న కంటికి అది మరీ పాలిపోయినట్టు కనిపించింది. వియ్యాలవారి ముందు నామర్దా ఎందుకని ఇంకో గుప్పెడు పసుపు గుమ్మరించాడు. బూంది గుల్లగా రావాలని ఎప్పుడూ వేసే తినే సోడా కూడా కూతురి పెళ్లి సంబరంలో చెయ్యి జారి ఎక్కువే పడింది. కలిపేకొద్దీ పిండి ఎర్రబడసాగింది. పారబోద్దామంటే వేళ మించిపోతోంది. నేనైతే పొడి వెయ్యలేదు కదా అని గుండె చిక్కబట్టుకుని బూంది తీసి లడ్డూలు చుట్టాడు. అవి ఎప్పటిలాగే ఎర్రగా, దర్జాగా కూర్చున్నాయి.

మగపెళ్లివారు లడ్డూలు చూసి రంగు అంటే ఇదీ అని మెచ్చుకున్నారు. మెప్పు వింటున్న మనిషికేమో ముచ్చెమటలు పట్టాయి. అంతలో కావ్య పరుగున వచ్చి ఒకటి అందుకుంది. నోటిదాకా పోయిన లడ్డును ఉమారాణి లాక్కుంది.

"నాయినా, పిల్ల నెత్తిమీద చెయ్యి పెడ్తివి కద."

"నేను పొడి ఎయ్యలే బిడ్డా. పసుపే ఏసిన. ఎందుకు గిట్లయిందో నాకు తెల్వదు."

ఎదురుగా ఎర్ర లడ్డూల కుప్ప పెట్టుకుని ఆ మాట అంటే ఎవరు నమ్ముతారు? ఉమారాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. కావ్య ఏడుపు అందుకుంది. ఊళ్లకు ఊళ్లకే లడ్డు పెట్టినవాణ్ని, నా మనవరాలికి ఒక్కటి పెట్టలేకపోతినే అని ఎల్లన్న కుమిలిపోయాడు.

సరిగ్గా అప్పుడే అతని భార్య బాలనాగమ్మ అటుగా వచ్చింది. పెళ్లికొడుక్కి దిష్టి తీయడానికి పసుపునీళ్లలో సున్నం వేసి, ఎర్రనీళ్లు కలుపుకుని పళ్లెంలో తెస్తోంది. కూతురి ముఖం చూసింది, లడ్డూలు చూసింది, అడుగున కాస్త పిండి మిగిలిన గంగాళం చూసింది. సోడా ఎంత వేశావని మొగుణ్ని అడిగింది. ఎల్లన్న భయపడుతూ గుప్పిట చూపించాడు.

బాలనాగమ్మకు నవ్వు ఆగక పళ్లెం కింద పెట్టేసింది. సున్నం తగిలితే ఎర్రబడే పసుపు అంత సోడా పడితే ఊరుకుంటుందా అంది. పులిహోరకు కోసిపెట్టిన నిమ్మచెక్క ఒకటి తెచ్చి, మిగిలిన పిండిమీద రసం పిండి, వేలితో కలిపింది. అందరూ చూస్తుండగానే ఎర్రటి పిండి మళ్లీ పసుపురంగుకు తిరిగింది.

"దుకాణంల పొడి గిట్ల మారుతదా బిడ్డా? మీ నాయిన మాట తప్పలే."

ఉమారాణి సిగ్గుపడింది. చేతిలో నలిగిన లడ్డులోంచి ముందు తాను కాస్త తిని, జర సోడా ఎక్కువైంది నాయినా అని కన్నీళ్లతోనే నవ్వింది. మిగిలింది పిల్ల నోట్లో పెట్టింది.

ఆ పూటంతా ఎల్లన్న చూపు మనవరాలి మీదే. అప్పగింతలప్పుడు అశ్విని తండ్రి మెడను వాటేసుకుని ఏడుస్తున్నా, ఆయన కన్ను చెమ్మగిల్లలేదు. బండి కదిలాక కావ్య వచ్చి, నున్నగా ఉన్న రెండు చేతులూ ఆయన ముందు చాపింది.

"సూడు తాతా, ఏం రాలే. ఇంకోటి పెట్టు."

ఎల్లన్న ఆ చేతుల్లో రెండు లడ్డూలు పెట్టి, పందిట్లో అందరూ చూస్తుండగానే భోరుమని ఏడ్చాడు.