వంగే వైపు

టెలిఫోను ఎక్స్ఛేంజి లోపల ఇంత వాన ఎందుకు కురుస్తోందో నీలవేణికి అర్థం కావడం లేదు, అయినా మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడే పుస్తకం కుడుతోంది. సూదిలో ఉన్నది దారం కాదు, స్విచ్‌బోర్డులోంచి వేలాడుతున్న ఎర్ర తీగ. ఎదురుగా ఎత్తు స్టూలు మీద హైమవతత్త, ఒళ్లో మైదా బంక గిన్నె. పోయిన మాఘంలో కన్నుమూసిన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇక్కడే తీగలు కలిపి, రిటైరయ్యాక సరదాకి పుస్తకాల బైండింగు పట్టుకుని, మేనకోడలు నీలవేణికీ పక్కింటి పద్మలతకీ నేర్పిన మనిషి.

"బంక పలచబడింది, చూసుకో," అంటోంది అత్త.

నీలవేణి బంక కేసి చూడదు, అత్త మొహం కేసి చూస్తుంది. అత్త ఎడమ చెయ్యి కొంగు కింద ఉంది. ఏం పట్టుకుంది?

"అత్తా, ఆదివారం లైబ్రరీలో ఆడవాళ్లకి నీ బదులు నేను నేర్పాలిట. నేను కట్టిన అట్టలేమో అప్పడాల్లా లేస్తాయి. పద్మలతవి పీటల్లా పడుంటాయి. దానికి చెప్పి నాకు దాచిందేమిటో ఇప్పుడైనా చెప్పు."

"దానికేం చెప్పానే?"

"నీకే తెలియాలి. టీ కూడా దానికే ముందు పోసేదానివి."

"దానికి చల్లారిన టీ ఇష్టం. పిచ్చిమొహమా, అదీ లెక్కేసుకున్నావా?"

అత్త నవ్వుతుంటే ఆ పళ్లు పద్మలత పళ్లలా ఉన్నాయి. గోడలు మెల్లగా జరిగి ఎక్స్ఛేంజి కాస్తా అత్త వంటిల్లవుతోంది, నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. పురుగు పట్టకుండా బంకలో వేసే మైలుతుత్తం కాక ఇంకేదైనా రహస్యంగా కలిపేదేమోనని నీలవేణి డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీస్తుంది, ప్రతి డబ్బాలోంచీ అత్త గొంతే "నంబరు ప్లీజ్" అంటోంది.

"వెతుకు, వెతుకు. మీ నాన్నా ఇంతే, నేను పంచిన బెల్లం ముక్కలు పక్కపక్కన పెట్టి చూసుకునేవాడు."

"ముందు కొంగు కింద చెయ్యి తియ్యి."

అత్త తీస్తుంది. చేతిలో ఉన్నది ఒట్టి కాగితం. దాన్ని బొటనవేలితో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి, చటుక్కున తిప్పి అట్ట మీద పరుస్తుంది. ఆ వంచడం నీలవేణి ఎన్నిసార్లు చూసిందో! వయసు మీద పడ్డ చేతుల వణుకనుకుంది.

"కాగితం ఒకవైపు మాట విని వంగుతుంది, రెండోవైపు మొండికేస్తుంది. విన్న వంపు పుస్తకం వెన్ను వెంట పోవాలి. లేకపోతే బంక ఆరేటప్పుడు అట్టని లాగేస్తుంది."

"మరి ఒక్కనాడూ నోటితో చెప్పలేదేం?"

"నా చెయ్యి ఆ పని చేస్తోందని నాకే తెలీదే పిల్లా. పద్మలత నా చేతులు చూసేది. నువ్వెప్పుడూ నా మొహమే చూసేదానివి, ఏం దాస్తున్నానా అని."

"ఒట్టు?"

అత్త ఒట్టు వెయ్యడానికి చెయ్యి చాస్తుంది, ఆ చెయ్యి నీలవేణి అరచేతిలో చల్లగా, తడిగా, కాగితంలా చుట్టుకుపోతోంది.

మెలకువ వచ్చింది. తెల్లవారింది. కిటికీ తెరుచుకుని జల్లు లోపలికి కొట్టి, నిన్న బల్ల మీద కోసిపెట్టిన కాగితం తడిసి, గొట్టంలా చుట్టుకుని నేల మీద పడి ఉంది. కిటికీ వేసే పడుకున్నట్టు గుర్తు. నీలవేణి గడియ కేసి అనుమానంగా చూసింది. తర్వాత పొడి కాగితం ఒకటి తీసి బొటనవేలితో వంచింది. మొండికేసింది. తిప్పి వంచింది.